మాయారూపాలు

రామాయణ యుద్ధకాండలో ఇంద్రజిత్తు మాయాసీతను రథంపై నిలిపి, హనుమంతుడు చూస్తుండగానే ఖండిస్తాడు. అశోకవనంలో సీతతో స్వయంగా సంభాషించి వచ్చిన హనుమంతుడే అది నిజమని నమ్మి దుఃఖించాడు. ఆ వార్త విని రాముడు మూర్ఛిల్లాడు. అది మాయ అని తేల్చి చెప్పినవాడు విభీషణుడు. అందుకు అతడు దివ్యదృష్టిని ఆశ్రయించలేదు. రావణుని మనస్సు, రాక్షసుల పన్నాగాలు తెలిసి ఉండడమే అతని బలం.

2024 ఆరంభంలో హాంకాంగ్‌లో ఇటువంటి మాయ ఒకటి వెలుగులోకి వచ్చింది. ఒక బహుళజాతి సంస్థలోని ఆర్థిక విభాగ ఉద్యోగికి, రహస్యంగా ధనం పంపవలసి ఉందని ప్రధాన ఆర్థికాధికారి పేరిట సందేశం అందింది. మొదట సందేహం కలగకపోలేదు. కాని వీడియో సమావేశంలో ఆ అధికారీ, సహోద్యోగులూ కనిపించి మాట్లాడేసరికి అది తొలగిపోయింది. 15 విడతలుగా, 5 ఖాతాలకు, సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు తరలిపోయాయి. ఆ సమావేశంలో నిజమైన మనిషి ఆ ఉద్యోగి ఒక్కరే! తక్కినవన్నీ కృత్రిమ మేధ కల్పించిన ముఖాలు, కంఠస్వరాలు. ప్రధాన కార్యాలయాన్ని విచారించిన పిదప గాని మోసం బయటపడలేదు. ఆ ఉద్యోగిని అమాయకత్వానికి నిందించదలచినవారు ముందు హనుమంతుణ్ణి నిందించవలసి ఉంటుంది.

అయితే ఈ మేధ దొంగల పక్షాన మాత్రమే లేదు. 2016 ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో 7 యంత్రాలు మానవ ప్రమేయం లేకుండా పరస్పరం పోటీపడ్డాయి. ప్రోగ్రాములలోని లోపాలను పసిగట్టడం, తమ వాటిని సవరించుకోవడం వాటి పని. సవరణ వల్ల సేవకు అంతరాయం కలిగితే మార్కులు తగ్గుతాయి. ఈ నియమం మెచ్చదగినది. ఆసుపత్రి కంప్యూటర్లకు రక్షణ కల్పిస్తున్నామని వాటినే నిలిపివేస్తే రోగికి ఒరిగేదేమిటి? అందుచేత కోట్ల నమోదులను జల్లెడపట్టే పని యంత్రానికి అప్పగించినా, ఆపవలసిన నిర్ణయం బాధ్యత ఎరిగిన మనిషి చేతిలోనే ఉండాలి. నాటి విజేత ‘మేహెమ్’ ఆ వెంటనే మానవ నిపుణులతో తలపడి చివరి స్థానంలో నిలిచింది.

2025 నాటికి పరిస్థితి మారింది. ఆ నగరంలోనే ముగిసిన మరొక పోటీలో యంత్రాలు నిర్వాహకులు కావాలని చొప్పించిన లోపాలనే కాక, అంతకుముందు ఎవరికీ తెలియని 18 నిజమైన లోపాలను కనుగొన్నాయి. ఆ సాధనాలను అందరికీ ఉచితంగా లభించేట్లు విడుదల చేశారు. అందరిలో దొంగలూ ఉన్నారు. వారు వాటిని నేర్వడానికి జాప్యం చేయరు. చిన్న పట్టణంలోని ఆసుపత్రిలో, సహకార బ్యాంకులో వాటిని నడపగల మనిషి ఉన్నాడా అన్నదే ప్రశ్న.