చలికాలంలో ఎన్ని దీపాలు?

నవంబరు నెల. సాయంత్రం అయిదు కాకుండానే చీకటి పడిపోయింది. సముద్రం మీంచి వచ్చే గాలి చెవులు కోసేస్తోంది. వేల్స్‌కు వాయవ్య మూలన, నీళ్లలోకి చెయ్యి చాపినట్టుండే లీన్ ద్వీపకల్పంలో ఓ చిన్న ఊరు. ఆ వీధిలో కుక్కను వెంటబెట్టుకుని నడుస్తున్న ఓ పెద్దావిడను ఊహించుకోండి. ఆవిడకో అలవాటుంది. నడుస్తూ నడుస్తూ దీపం వెలుగుతున్న కిటికీలు లెక్కపెడుతుంది. కుడిపక్క వరసలో మూడు. ఎడమపక్క రెండు. మిగతా ఇళ్లన్నీ చీకట్లోనే.

అవేం పాడుబడిన ఇళ్లు కావు. గోడలకు కొత్త రంగులున్నాయి. గుమ్మం పక్కన పూలకుండీలున్నాయి. లేనిదల్లా మనుషులే. అదే ఆగస్టులో అయితే ప్రతి కిటికీలోనూ దీపం, ప్రతి ఇంటి ముందూ కారు, రొట్టెల కొట్టు ముందు బారెడు క్యూ! ఈ ఊరికి చుట్టాలకు కొదవలేదు. కొదవల్లా ఇంటివాళ్లకే.

ఆవిడ ఊహలోని మనిషే. కానీ అలా దీపాలు లెక్కపెట్టేవాళ్లు ఆ తీరంలో చాలామందే ఉంటారు. ఆవిడను కౌంటీ కౌన్సిల్లో సభ్యురాలిగా కూడా ఊహించుకుందాం. రేపు పొద్దున్నే ఓ సమావేశం ఉంది. పర్యాటక ప్రణాళిక మీద అధికారులను ప్రశ్నలడగాలి. ఇంకో సంగతి... వేసవిలో ఆవిడ కూడా మేడమీద గది సెలవులకొచ్చే వాళ్లకు అద్దెకిస్తుంది. ఆ డబ్బుతోనే చలికాలం గడుస్తుంది. కొడుక్కి మాత్రం ఊళ్లో ఇల్లు కొనే స్తోమత లేక, ముప్ఫై మైళ్ల అవతల కాపురం పెట్టాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. అన్నం పెట్టేదీ పర్యాటకమే, కొడుకును దూరం చేసిందీ పర్యాటకమే!

మాట బతికున్న నేల

ఈ ప్రాంతాన్ని గ్వినెద్ కౌంటీ అంటారు. వేల్స్‌లోకెల్లా ఎత్తయిన శిఖరం ఇక్కడే ఉంది. 1,085 మీటర్లు. ప్రపంచానికి స్నోడన్‌గా తెలిసిన ఈ కొండను స్థానికులు వేల్ష్‌లో ‘అర్ విద్వా’ అంటారు. చుట్టూ ఉన్న కొండసీమ పేరు ‘ఎరరి’. 1951లోనే దీన్ని జాతీయ వనంగా ప్రకటించారు. 19వ శతాబ్దంలో దేశదేశాల ఇళ్లకు పైకప్పులైన పలకరాయి ఇక్కడి గనుల్లోంచే వెళ్లింది. ఆ గనుల సీమకు 2021లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. కొండలు, కోటలు, సముద్రం, పాతకాలపు రైళ్లు... జనం రాకుండా ఎలా ఉంటారు? 2020 జులైలో ఒక ఆదివారం కొండ ఎక్కేందుకు వచ్చినవాళ్లు దారి పొడవునా వందల కార్లు అడ్డదిడ్డంగా నిలిపేశారు. ఆ తర్వాత, కొండదారి మొదట్లో కారు నిలపాలన్నా ముందుగా బుక్ చేసుకోవాల్సి వచ్చింది.

కొండలూ సముద్రమూ ఎక్కడికీ పోవు. పోయేది ఇంకొకటుంది. అది భాష. 2021 జనగణన ప్రకారం వేల్స్ మొత్తమ్మీద వేల్ష్ మాట్లాడగలిగినవాళ్లు 17.8 శాతమే. పదేళ్ల ముందు 19 శాతం ఉండేవాళ్లు. గ్వినెద్‌లో మాత్రం 64.4 శాతం మందికి ఆ భాష వచ్చు. అక్కడ వేల్ష్ అంటే పండగపూట బయటికి తీసే పట్టుబట్ట కాదు, రోజూ కట్టుకునే నేతచీర. పాలవాడితో బేరం, బస్సు డ్రైవరుతో కబుర్లు, పిల్లల మీద కేకలు అన్నీ అందులోనే. కౌన్సిల్ ఆఫీసులో ఫైళ్లు కూడా ఆ భాషలోనే నడుస్తాయి. సమావేశాల్లో వేల్ష్ రానివాళ్లు చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని అనువాదం వింటారు.

బడి మూతపడితే...

లీన్‌లో అబెర్‌సోఖ్ అని ఓ ఊరుంది. అందమైన తీరం, తెరచాప పడవలు. ఇంగ్లండు నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి ఇళ్లు కొనుక్కుంటారు. ఊళ్లోని ఇళ్లలో సగానికి కాస్త అటూ ఇటూగా సెలవుల ఇళ్లే. ధరలు స్థానికుల జీతాలకు ఏనాడో అందకుండా పోయాయి. పడుచు జంటలు వెళ్లిపోతే పసిపిల్లలు ఎక్కణ్నుంచి వస్తారు? 1924 నుంచి నడుస్తున్న అక్కడి చిన్న బడిలో చివరికి పిల్లలు పదిమంది కూడా మిగల్లేదు. 2021 డిసెంబరు ఆఖర్లో అది మూతపడింది.

మూసింది ఎవరో పరాయి ప్రభుత్వం కాదు. వేల్ష్‌ను కాపాడుకోవాలని గట్టిగా నమ్మే గ్వినెద్ కౌన్సిలే. అంత తక్కువమందికి బడి నడపడం పిల్లలకూ మంచిది కాదు, ఖజానాకూ భారమేనని వాదించింది. ఊరివాళ్లు వద్దని మొత్తుకున్నారు. లెక్క చూస్తే కౌన్సిల్ మాట కాదనలేం. బాధ చూస్తే ఊరి మాట కాదనలేం.

భాష పుస్తకాల్లో భద్రంగా ఉంటే చాలదు. బడి గంట కొట్టాక గేటు దగ్గర అమ్మలు మాట్లాడుకోవాలి. దుకాణంలో చిల్లర దగ్గర కీచులాడుకోవాలి. ప్రార్థన మందిరంలో అందరూ కలిసి పాడాలి. ఏడాదిలో పది నెలలు చీకట్లో ఉండే ఇల్లు ఎవరితో మాట్లాడుతుంది?

అడిగేవాళ్లు ఉండాలి

మన కౌన్సిలరమ్మ తెల్లారే కైర్నార్వన్ పట్టణానికి బస్సెక్కింది. సంచిలో కాగితాల కట్ట. ఆవిడ మంత్రీ కాదు, అధికారీ కాదు. స్క్రూటినీ కమిటీలో సభ్యురాలు.

కౌన్సిల్ అంటే మన జిల్లా పరిషత్తు లాంటిది. గ్వినెద్‌లో 69 మంది సభ్యులున్నారు. 2000లో వచ్చిన స్థానిక ప్రభుత్వాల చట్టం తర్వాత పెద్ద నిర్ణయాలన్నీ కొద్దిమందితో కూడిన క్యాబినెట్ చేతిలోకి వెళ్లాయి. మరి మిగతావాళ్లు చప్పట్లు కొట్టడానికేనా? కాదు. నిర్ణయం తీసుకున్నవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలడిగే పని వాళ్లకిచ్చారు. అదే స్క్రూటినీ. కాగితాలు ముందే బయటపెడతారు. సమావేశాన్ని ఎవరైనా చూడొచ్చు. నిర్ణయం మార్చే అధికారం కమిటీకి లేదు. ‘మళ్లీ ఆలోచించండి’ అని వెనక్కి పంపగలదు, సిఫార్సు చేయగలదు. ఇంతోటి దానికి తెల్లారే బస్సెక్కడం ఎందుకనిపిస్తుంది.

ఎందుకో ఆ ప్రాంతం వాళ్లకు తెలుసు. అక్కడికి దగ్గర్లోనే త్రవెరిన్ లోయలో కాపెల్ కెలిన్ అనే వేల్ష్ పల్లె ఉండేది. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి నీళ్లు కావాల్సి వచ్చాయి. స్థానిక కౌన్సిళ్ల అనుమతి అడగకుండా, 1957లో నేరుగా లండన్ పార్లమెంటులో చట్టం చేయించుకున్నారు. వేల్స్ ఎంపీల్లో దాదాపు ఎవరూ దాన్ని సమర్థించలేదు. అయినా ఆగలేదు. 1965 నాటికి బడి, ప్రార్థన మందిరం, తపాలాఫీసు, పొలాలు అన్నీ జలాశయం అడుగుకి చేరాయి. త్రవెరిన్‌ను మరవొద్దన్న రాత ఇప్పటికీ వేల్స్ గోడల మీద కనిపిస్తుంది. ఊరి భవిష్యత్తును ఊరివాళ్లు లేని గదిలో తేల్చేస్తే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఊరు నీళ్లకు మునిగింది. ఇప్పుడు ఊళ్లు మునిగేది నెమ్మదిగా, ఒక్కో ఇల్లు చొప్పున. అందుకే ప్రశ్నలు.

గ్వినెద్ కౌన్సిల్, జాతీయ వనం అధికార సంస్థ కలిసి 2035 దాకా ఓ పర్యాటక ప్రణాళిక రాసుకున్నాయి. అందులో మూడు సూత్రాలున్నాయి. మొదటిది ఊళ్లను, భాషను, సంస్కృతిని గౌరవించి కాపాడడం. రెండోది పర్యావరణాన్ని నిలబెట్టడం. మూడోది పర్యాటకం వల్ల స్థానికులకు జరిగే మేలు, కీడు కన్నా ఎక్కువుండేలా చూడడం. పర్యాటక శాఖలు ఎక్కడైనా ‘ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చుపెట్టారు’ అనే లెక్కలేసుకుంటాయి. ఇక్కడ ‘వచ్చినవాళ్ల వల్ల మనకేం మిగిలింది’ అని అడుగుతున్నారు.

సూత్రాలు రాసుకోవడం తేలికే. కాగితం ఎంతయినా మోస్తుంది. కమిటీ గదిలో కూర్చున్న పల్లెటూరి సభ్యురాలు అడగాల్సినవి చాలా మామూలు ప్రశ్నలు. మేలు ఎక్కువో, కీడు ఎక్కువో ఎలా కొలుస్తారు? ఎవరు కొలుస్తారు? హోటల్లో వచ్చే ఉద్యోగాలు ఏడాది పొడవునా ఉంటాయా, వేసవికేనా? భాష మీద పడే ప్రభావాన్ని ముందే చూస్తారా, నష్టం జరిగాక చూస్తారా? పోయినసారి ఇచ్చిన మాట ఏమైంది? ఈ ప్రశ్నలకు పేపర్లో పెద్దక్షరాల శీర్షికలు రావు. కానీ జవాబు చెప్పాల్సిన రోజొకటి ఉందని తెలిసినవాళ్లు పని చేసే తీరే వేరు.

రెండువైపులా పదునే

జవాబులు కూడా సులువుగా దొరకవు. సెలవుల ఇళ్లకు గ్వినెద్ కౌన్సిల్ అదనపు ఇంటిపన్ను వేసింది. 2018లో 50 శాతం, 2021లో 100, 2023లో 150. అంటే మామూలు ఇంటికి వంద పౌండ్లు పడితే సెలవుల ఇంటికి రెండొందల యాభై. ఆ సొమ్మును స్థానికులకు ఇళ్లు సమకూర్చే పనులకు మళ్లించారు. బాగానే ఉంది. మరి అమ్మానాన్నా పోయాక పుట్టింటిని అమ్మలేక, అక్కడ ఉండలేక అట్టేపెట్టుకున్న ఊరి ఆడపిల్ల మాటేమిటి? పన్ను కాగితం మీద ఆ అమ్మాయీ, లండన్ షావుకారూ ఒకటే!

అద్దె విడిదుల సంగతీ అంతే. వాటిని వ్యాపారంగా లెక్కగట్టాలంటే ఏడాదికి కనీసం 70 రోజులు అద్దెకు పోవాలనే నిబంధన ఉండేది. 2023 ఏప్రిల్లో వేల్స్ ప్రభుత్వం దాన్ని 182 రోజులకు పెంచింది. ఖాళీగా ఉంచి పన్ను తప్పించుకునేవాళ్లను పట్టుకోవడానికే. కానీ గొడ్లకొట్టాన్ని బాగుచేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే రైతుకూ ఆ దెబ్బ తగిలింది. వానాకాలంలో అన్ని రోజులు ఎవరొస్తారని వాళ్ల గోడు. మామూలు ఇంటిని సెలవుల ఇల్లుగానో, అద్దె విడిదిగానో మార్చాలంటే ప్లానింగ్ అనుమతి తీసుకోవాలన్న ఆదేశాన్ని 2024 సెప్టెంబరు 1న గ్వినెద్ అమల్లోకి తెచ్చింది. వేల్స్‌లో అలాంటిది అదే మొదలు. దాంతో తమ ఇళ్ల విలువ పడిపోతుందని భయపడినవాళ్లలో స్థానికులూ ఉన్నారు. వివాదం కోర్టుకెక్కింది.

2025లో వేల్స్ చట్టసభ ఇంకో దారి తెరిచింది. రాత్రి బసచేసే పర్యాటకుల నుంచి మనిషికి, రాత్రికి 1.30 పౌండ్లు, టెంట్లలోనో హాస్టళ్లలోనో ఉంటే 80 పెన్నీలు వసూలు చేసుకునే వీలు కౌన్సిళ్లకు ఇచ్చింది. 2027 కన్నా ముందు మాత్రం వీల్లేదు. వెయ్యాలా వద్దా అన్నది ఏ కౌన్సిల్‌కు ఆ కౌన్సిల్ తేల్చుకోవాలి. అంటే మళ్లీ కమిటీ గదిలోకే రావాలి. వసూలైన డబ్బు ఏ ఊరి బాగుకు పోయిందో మళ్లీ అక్కడే అడగాలి.

తిరిగొచ్చిన లోయ

పర్యాటకం ఊరిని మింగేస్తుందనడం సగం నిజమే. ఆ సగాన్ని అబెర్‌సోఖ్‌లో చూడొచ్చు. రెండో సగం అదే ద్వీపకల్పం ఉత్తర తీరాన ఉంది. నాంట్ గుర్థేర్న్ అని, కొండకూ సముద్రానికీ నడుమ ఓ లోయ. ఒకప్పుడు రాతి క్వారీ కూలీల ఊరు. క్వారీలు ఆగిపోయాక జనం వెళ్లిపోయారు, ఇళ్ల కప్పులు కూలిపోయాయి. పక్కనున్న లానైల్‌హైయార్న్ పల్లెలో కార్ల్ క్లోవ్స్ అనే డాక్టరు ఉండేవారు. 1970ల్లో తమ బడి మూతపడకుండా పోరాడిన ఆ ఊరివాళ్లు, 1974లో సొంతంగా ఓ సహకార సంఘం పెట్టుకున్నారు. తర్వాత ఆ డాక్టరుగారూ, ఆయనతో కలిసొచ్చినవాళ్లూ ఓ ట్రస్టు పెట్టి, 1978లో ఈ పాడుబడ్డ లోయను కొన్నారు. ఇళ్లు మళ్లీ కట్టారు. అక్కడ వేల్ష్ నేర్పడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అక్కడికొచ్చే చుట్టాలు రాత్రిపూట ఉంటారు, భోజనం చేస్తారు, డబ్బు ఖర్చుపెడతారు. ఏ పర్యాటకులైనా చేసేది అదే. కాకపోతే వెళ్లేటప్పుడు నాలుగు వేల్ష్ ముక్కలు నేర్చుకుని వెళ్తారు. ఇక్కడ భాష పర్యాటకానికి అడ్డు కాలేదు. భాష కోసమే జనం వస్తున్నారు. 2022 నవంబరులో జాతీయ వనం సంస్థ ఇంగ్లిషు పేర్లు పక్కనబెట్టి ‘ఎరరి’, ‘అర్ విద్వా’ అనే వాడాలని తీర్మానించిందీ ఇలాంటి ఆలోచనతోనే. చుట్టం ఇంటికొస్తే ఇంటివాళ్ల పేరు పలకడం నేర్చుకోవడం మర్యాదే కదా!

సమావేశం ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది. కౌన్సిలరమ్మ అడిగిన వాటిలో రెండింటికి జవాబొచ్చింది. ఒకటి ‘వచ్చేసారి వివరాలతో వస్తాం’ అన్నారు. ఇంకోటి మాట్లాడుతుండగానే టైమైపోయింది. విజయమని చెప్పుకోవడానికేం లేదు. ఆవిడ ఆ మూడో ప్రశ్న పక్కన తేదీ వేసుకుని డైరీ మూసింది. బస్సు దిగేసరికి మళ్లీ చీకటే. కుక్కను తీసుకుని వీధిలోకి నడిచింది.

కుడిపక్క మూడు. ఎడమపక్క రెండు.

నిన్నటికన్నా పెరగలేదు, తగ్గనూ లేదు. వచ్చే నవంబరుకు ఆరోది వెలగాలి. అది కూడా అద్దెకు దిగినవాళ్ల దీపం కాకుండా, ముప్ఫై మైళ్ల అవతలున్న కొడుకు ఇంటి దీపమే కావాలి. డైరీలో రాసుకున్న ప్రశ్నలన్నీ చివరికి ఆ ఒక్క కిటికీ కోసమే.