పితికిపప్పు వారం

2024 డిసెంబర్ 1, ఆదివారం
పొద్దున్నే రైతుబజారు. నాకు చక్కెర జబ్బు తేలినప్పటి నుంచి ఏడు రోజుల తిండి ముందే రాసుకుంటున్నాం. డాక్టరు ఇచ్చిన కాగితంలో ఓట్స్ అన్నచోటల్లా మా ఇంటామె కొర్రలని దిద్దింది. సోమ, బుధ రాగి సంగటి. మంగళ, గురు కొర్రన్నం. శుక్రవారం జొన్నరొట్టె. శనివారం ఇంకా తేల్లేదు.

కూరల సంగతి కాగితం కాదు, బజారే తేలుస్తుంది. అనపకాయలు దిగినాయి. అనంతపురంలో చలి మొదలైందని చెప్పేది అవే. కాయ పట్టుకుంటే ఆ వాసన మధ్యాహ్నం దాకా చేతిని వదలదు. కోస్తా మిత్రుణ్ణి ఒకసారి ఇవి తెమ్మంటే సొరకాయ తెచ్చాడు. వాళ్లకు అది ఆనపకాయ. తేడా ఒక్క దీర్ఘమే! లిస్టులో అరకిలో ఉంటే రెండు కిలోలు కొన్నా. కొర్ర బియ్యం మాత్రం సోనామసూరికి దాదాపు రెట్టింపు చెప్పినాడు.

రాత్రి గింజలు వొలిచి నానేశాం. వారానికి సరిపడా కూరగాయలు తరిగి డబ్బాల్లో సర్దాం. ఫ్రిజ్ తెరిస్తే గర్వంగా ఉంది.

డిసెంబర్ 2, సోమవారం
పితకడం. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఒత్తితే పొట్టు చేతిలో మిగిలి, పప్పు ఎగిరిపడుతుంది. గిన్నె అడ్డం పెట్టుకోకపోతే మంచం కిందికే. ముగ్గురం కూర్చున్నా ముక్కాలు గంట పట్టింది. నేను ఒకటి పితికేలోగా అమ్మ మూడు పితుకుతుంది, అదీ గిన్నె వైపు చూడకుండా. సంగటిలోకి పితికిపప్పు పులుసు. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

డిసెంబర్ 3, మంగళవారం
కొర్రన్నం చూసి అమ్మ తట్ట పక్కకు జరిపింది.

"నాకు వరన్నం పెట్టండి. చక్కెర వచ్చింది నీకు, నాకు గాదు."

"నువ్వు చిన్నప్పుడు తిన్నదే కదమ్మా?"

"తినింది సరే. దంచింది ఎవురురా? కోడి కూసేయాళకు లేసి రోట్లో దంచల్ల, చెరగల్ల, మళ్లా దంచల్ల. మీ నాయన తినేకి పది నిమిషాలు."

మా ఇంటామె నవ్వలేదు. లేచి పోయి కుక్కర్‌లో బియ్యం పెట్టింది.

డిసెంబర్ 4, బుధవారం
అమ్మ మాట వదలడం లేదు. రాగులకు, జొన్నలకు గట్టి పొట్టుండదు. విసిరితే పిండి. కొర్రలు, సామలు, అరికలకు అలా కాదు, పైపొట్టు ఊడేదాకా దంచాల్సిందే. మా వైపు సంగటి నిలిచి, కొర్రన్నం పోవడానికి ఇదొక కారణమని ఇన్నేళ్లకు తట్టింది.

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాది. ఆ వానకు కొర్ర పండుతుంది గానీ, రొక్కం ఇచ్చేది శెనక్కాయ. చేలన్నీ దాని కిందికి పోయినాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. బియ్యం వచ్చి చిరుధాన్యాలను చంపిందని నేనూ చాలాసార్లు వాదించినవాణ్ణే. ఆ బియ్యం ఎందరు ఆడవాళ్ల చేతుల్లోంచి రోకలి దించిందో లెక్కేసుకోలేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అంది. మా అమ్మను అడిగుంటే ఒప్పుకునేది కాదు.

సంగటికి మాత్రం ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని చెబితే, "అందుకేనా నేనింకా నడుస్తాండేది" అని ఇంకో ముద్ద పెట్టించుకుంది.

డిసెంబర్ 5, గురువారం
ఆదివారం తరిగిన బీరకాయ ముక్కలు నీళ్లొదిలి జిగటపడ్డాయి. గేదెకు పెడదామంటే వీధిలో గేదెలు కూడా లేవు. వారానికి ముందే చేసి పెట్టుకోవలసింది తరుగు కాదు. పప్పు పితికి పెట్టు, శెనగ విత్తనాలు వేయించి పెట్టు, పిండి ఆడించి పెట్టు. బీరకాయను మాత్రం పొయ్యి వెలిగించే ముందే ముట్టుకో.

డిసెంబర్ 7, శనివారం
నిన్నటి రొట్టెల గురించి చెప్పేదేమీ లేదు, విరిగాయి. ఈ రోజు ఉగ్గాని. బొరుగులు నానబెట్టి పిండి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండాం. డాక్టరు కాగితంలో ఉగ్గాని లేదు. పక్కన మిరపకాయ బజ్జి అసలే లేదు. రెండు తిన్నా.

రేపటి లిస్టు రాశాం. రాగులు రెండు కిలోలు, అనపకాయలు రెండు కిలోలు, బీరకాయలు రెండే. కొర్ర బియ్యం అరకిలో. అమ్మకు సోనామసూరి కిలో.