ముందున్న అయ్యగారు



ఈసారి రాస్తున్నది ఫుట్‌బాల్ సంగతి. నవ్వకండి. మన ఊళ్ళో ఆడేది వాలీబాల్, సంక్రాంతికైతే కబడ్డీ. మేమిద్దరం ఫుట్‌బాల్ బంతిని చేత్తో పట్టుకున్నది ఒక్కసారే, వి.బి.ఎస్. పిల్లల కోసం కొన్నప్పుడు. మూడో రోజుకే అది తుమ్మకంపలో పడి తుస్సుమంది. అంతటితో మా ఫుట్‌బాల్ అయిపోయింది అనుకున్నాము.

మన సంఘపు అబ్బాయి ఒకడు 2021 సెప్టెంబరులో చదువుకోవడానికి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ వెళ్ళాడు. పేరు రాయొద్దన్నాడు, మీరందరూ ఎలాగూ పోల్చుకుంటారు. ఆదివారం సాయంత్రం మాకు వీడియో కాల్ చేసేవాడు. మొదటి నెలంతా ఒకటే ఏడుపు. వాన, అద్దె, అన్నం ఉడకకపోవడం. అక్కడ వాడు వెళ్ళే చర్చి గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు పాటల పుస్తకం అందించే ఒక ముసలాయన వీణ్ణి చేరదీశాడు. రెండో వారానికి ఎర్రటి ఊలు మఫ్లరొకటి తెచ్చి మెడకు చుట్టాడట. చలికి కాబోలనుకున్నాము. అది ఆ ఊరి జట్టు రంగు. జట్టు పేరు నాటింగ్‌హామ్ ఫారెస్ట్.

ఒకప్పుడు అది మామూలు జట్టు కాదు. బ్రయన్ క్లఫ్ అనే ఆయన మేనేజరుగా ఉన్న కాలంలో 1979లోనూ 1980లోనూ యూరప్ కప్పు గెలిచింది. మేనేజరంటే మన బ్యాంకు మేనేజరు కాదు. ఎవరు ఆడాలి, ఎక్కడ నిలబడాలి, ఎలా ఆడాలి అన్నది నిర్ణయించే గురువు. గెలిస్తే పేరు ఆయనదే, ఓడితే ఉద్యోగం ఊడేదీ ఆయనకే. ఆ కప్పులు రెండూ చూసిన ముసలాయనే, 1999లో తన జట్టు పై తరగతి నుంచి కిందికి జారడమూ చూశాడు. అక్కడి జట్లకు మన బడిలో లాగా తరగతులున్నాయి. బాగా ఆడితే పైకి, చివరన మిగిలితే కిందికి. ఫారెస్ట్ కిందికి జారి ఇరవై రెండేళ్ళయినా మళ్ళీ పైకి రాలేదు.

మనవాడు వెళ్ళేసరికి పరిస్థితి మరీ ఘోరంగా ఉంది. ఇరవై నాలుగు జట్లున్న రెండో తరగతిలో, ఏడు ఆటలయ్యాక ఒకే ఒక్క పాయింటుతో అట్టడుగున ఉన్నారు. ఉన్న మేనేజరు క్రిస్ హ్యూటన్‌ను పంపించేశారు. సెప్టెంబరు 21న స్టీవ్ కూపర్ అనే వేల్సు మనిషి వచ్చాడు. అప్పటికి నలభై ఒక్కేళ్ళవాడు. తండ్రి పేరున్న ఫుట్‌బాల్ రిఫరీ. అంతకుముందు మే 29న స్వాన్సీ జట్టుతో పై తరగతికి వెళ్ళే చివరి ఆట దాకా వచ్చి, అక్కడ ఓడిపోయినవాడు.

ఇంకొక సంగతి మాకు తరవాత తెలిసింది, తెలిశాక భలే ఆశ్చర్యపోయాము. ఈ మనిషి మన దేశం వచ్చి వెళ్ళాడు! 2017లో పదిహేడేళ్ళలోపు కుర్రాళ్ళ ప్రపంచకప్పు ఇండియాలో జరిగింది కదా, అప్పుడు ఇంగ్లండు కుర్రాళ్ళకు గురువు ఈయనే. అక్టోబరు 28న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఫైనల్. స్పెయిన్ రెండు గోల్స్ ముందే కొట్టేసింది. అరవై వేలకు పైగా జనం మధ్యన ఆ పిల్లలు బెదిరిపోకుండా ఐదు కొట్టి 5-2తో గెలిచారు. వాళ్ళలో గోలు కొట్టిన మోర్గాన్ గిబ్స్-వైట్ తరవాత ఫారెస్ట్‌లో ఇదే గురువు దగ్గరకు వచ్చి చేరాడు.

సరే, 2021కి వద్దాము. కూపర్ వచ్చి మహా అద్భుతాలేమీ చేయలేదని మనవాడు అంటాడు. అతను వచ్చేటప్పటికే ఉన్నవాళ్ళే చాలామంది. వెనక ముగ్గురిని నిలబెట్టి, పక్కల నుంచి పరిగెత్తేవాళ్ళకు దారి వదిలాడు. తిట్లు తిని తిని తలవంచుకున్న కుర్రాళ్ళను తల ఎత్తించాడు. అట్టడుగున మొదలైన జట్టు, నలభై ఆరు ఆటలయ్యేసరికి 80 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచింది. తరవాతి పోటీలో షెఫీల్డ్ యునైటెడ్ మీద పెనాల్టీల దాకా వెళ్ళి, గోలీ బ్రీస్ సాంబా మూడు ఆపితే గట్టెక్కింది. 2022 మే 29న లండనులోని వెంబ్లీలో హడర్స్‌ఫీల్డ్ మీద 1-0. చిత్రమేమిటంటే ఆ ఒక్క గోలు ఫారెస్ట్ వాళ్ళు కొట్టింది కాదు, అవతలి జట్టు కుర్రాడి కాలికి తగిలి వాళ్ళ గోల్లోకే వెళ్ళింది. కూపర్ స్వాన్సీతో ఓడిన రోజుకు సరిగ్గా సంవత్సరం.

మర్నాడు ఊరి నడిబొడ్డున పెద్ద కూడలిలో జనం. ఆ వేలమందిలో నిలబడి మనవాడు మాకు ఫోను చేశాడు. మాకు మాట వినబడలేదు, పాట వినబడింది. అందరూ ఆ మేనేజరు పేరు పెట్టి పాడుతున్నారు. పక్కన ముసలాయన మఫ్లరు పైకెత్తి ఏడుస్తున్నాడు. రాత్రి మళ్ళీ కాల్ చేసి అడిగాడు. “అయ్యగారూ, మనం హల్లెలూయ పాడినట్టు వాళ్ళు ఒక మనిషికి పాడుతున్నారు. నేనూ పాడాను. తప్పంటారా?”

మేము ఆలోచించనైనా లేదు, జవాబు నాలుక మీదే ఉంది. అపొస్తలుల కార్యములు పద్నాలుగో అధ్యాయం తీసి లుస్త్ర పట్టణం చూపించాము. కుంటివాడు లేచి నడవగానే అక్కడి జనం బర్నబాను ద్యుపతి అన్నారు, పౌలును హెర్మే అన్నారు, ఎడ్లనూ పూదండలనూ తెచ్చారు. కొంచెం సేపటికి ఎవరో వచ్చి ఎగదోస్తే అదే పౌలును రాళ్ళతో కొట్టి, చచ్చాడనుకొని ఊరి బయటికి ఈడ్చారు. మనుషుల్ని పొగడడం ఇలాగే ఉంటుంది నాన్నా, నువ్వు జాగ్రత్త, అన్నాము. వాడు సరేనన్నాడు. మంచి జవాబు చెప్పామని మేము సంతోషించాము కూడా.

వాడు సరేనన్నాడు గాని, కనిపెట్టడం మానలేదు. 2022 అక్టోబరులో పై తరగతిలో ఫారెస్ట్ వరసగా ఐదు ఆటలు ఓడి అడుగున పడింది. లెస్టర్ చేతిలో 4-0. ఇప్పుడు లుస్త్ర మొదలవుతుందని వాడూ ఎదురుచూశాడు. మొదలవలేదు. కూపర్‌ను తీసేయవద్దని జనం గట్టిగా నిలబడ్డారు. యాజమాన్యం తీసేయడానికి బదులు కొత్త ఒప్పందం రాసింది. 2023 మేలో ఆర్సెనల్ మీద 1-0తో గెలిచి జట్టు పై తరగతిలోనే నిలిచింది. ఆ తరవాతి శీతాకాలం మళ్ళీ ఓటములు. ఫుల్హామ్‌లో 5-0. ఐదు గోల్స్ తిన్న రోజున కూడా, అంత దూరం ప్రయాణం చేసి వెళ్ళిన జనం అతని పేరే పాడారు. డిసెంబరు 19న అతన్ని పంపించేశారు. అప్పుడూ తిట్టినవాళ్ళకన్నా దండం పెట్టినవాళ్ళే ఎక్కువ అని మనవాడు చెప్పాడు. “అయ్యగారూ, వీళ్ళు రాళ్ళు వేయలేదు” అన్నాడు. మాతో వాదించాలని కాదు, ఉన్నమాట చెప్పాడు.

ఆ రోజే ముసలాయన సంగతి ఒకటి చెప్పాడు. చర్చిలో కుర్రాళ్ళు కూపర్‌ను పొగుడుతుంటే ఆ పెద్దాయన ఊరికే ఉండి, చివర్లో హ్యూటన్‌ను గుర్తు చేస్తాడట. ఒక్క పాయింటుతో పంపించేసిన ఆయన్నే. హ్యూటన్ కూడా 2020లో మొదటి నాలుగు ఆటలూ ఓడిపోయిన జట్టును చేతికి తీసుకున్నవాడే. పడిపోకుండా పదిహేడో స్థానంలో నిలబెట్టాడు. ఆ ఏడాది ఆయన నిలబెట్టకపోతే కూపర్‌కు పైకి తీసుకెళ్ళడానికి జట్టెక్కడిది అని ముసలాయన ప్రశ్న. ఇంకా తమాషా, ఆ ఏడాది లీగులో ఫారెస్ట్ మొదటి గెలుపు కూపర్ది కూడా కాదు. హ్యూటన్ వెళ్ళాక కూపర్ రాకముందు ఒక్క ఆటకు స్టీవెన్ రీడ్ అనే ఆయన నిలబడ్డాడు. గెలిచింది ఆ ఆటే, అదీ హడర్స్‌ఫీల్డ్ మీదే. అతని పేరు ఎంతమందికి గుర్తుంది?

విని ఊరుకున్నాము. అది మా మీదికి వచ్చే మాట అని అప్పుడు తోచలేదు.

మొన్న మందిర ప్రతిష్ఠ పండుగకు ఫ్లెక్సీ నమూనా సంఘం గ్రూపులో పెట్టారు కదా. మా ఇద్దరి ఫొటో నిలువెత్తున, కింద మందిరం చిన్నదిగా. మేము చూశాము. చూసి, అమ్మగారి చీర రంగు సరిగా రాలేదని మాత్రం చెప్పాము. నాటింగ్‌హామ్ నుంచి వీడు విడిగా మెసేజీ పెట్టాడు. “అయ్యగారూ, పాత అయ్యగారి ఫొటో ఎక్కడా లేదేంటి? మా నాయనమ్మకు బాప్తిస్మమిచ్చింది ఆయన కదా.”

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. దాచుకోకుండా రాస్తాము. 2014 జూన్‌లో మేము వచ్చేసరికి రేకుల షెడ్డులో పద్నాలుగు మంది. ఇప్పుడు నూట ఎనభై. ఈ లెక్క మేము ఎన్ని కూటాల్లో చెప్పామో మీకు తెలుసు. ఆ పద్నాలుగు మంది ఎలా మిగిలారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఆరు సెంట్ల స్థలం కొన్నది ఆయన. అమ్మగారి మెడలోది అమ్మి బోరు వేయించింది ఆయన. పంతొమ్మిదేళ్ళు. చివర్లో గొడవ వచ్చింది, సంఘం రెండు ముక్కలయింది. తప్పు ఎవరిదో ఇప్పుడు తవ్వడం మా పని కాదు. మేము వచ్చిన కొత్తలో మీలో కొందరు ఆయన మీద చెప్పిన మాటలు మేము ఆపలేదు. ఆపలేదు సరే, విని హాయిగా కూడా అనిపించింది. ఆయన ఎంత చెడ్డవాడైతే మేము అంత మంచివాళ్ళము. వీడ్కోలు కూటం లేదు, శాలువా లేదు. ఇనుప పెట్టె ఒకరు, పక్కబట్టల మూట ఒకరు మోసుకుంటూ బస్సు స్టాపుకు నడిచి వెళ్ళారు. మేము ఆ మర్నాడు ట్రాక్టరులో దిగాము.

లుస్త్ర గురించి ఆ పిల్లవాడికి పాఠం చెప్పాము. రోమా పత్రిక పదహారో అధ్యాయం చెప్పలేదు. పౌలు అక్కడ ఫీబే మొదలుకొని వరసగా పేర్లు పెట్టి, ఎవరెవరు ఎంత ప్రయాసపడ్డారో తలచుకుంటాడు. ప్రిస్కిల్ల, అకుల తన ప్రాణం కోసం తమ మెడలే ఒడ్డారని రాస్తాడు. ఎడ్లనూ పూదండలనూ వద్దని బట్టలు చింపుకున్నదీ ఈ మనిషే. పేరు తలచి కృతజ్ఞత చెప్పడం వేరు, ఎడ్లను తేవడం వేరు అని ఆయనకు తెలుసు. మాకు ముప్పై ఏళ్ళ సేవలో తెలియక కాదు, మాకు వచ్చిన దండలు బాగున్నాయి, అంతే. ఫారెస్ట్ జనాన్ని తప్పు పట్టే అర్హత మాకు లేకపోయింది. వాళ్ళు పంపించేసిన మనిషి పేరు కూడా పాడారు. మేము పంపించేసిన మనిషి పేరు పలకనే లేదు.

మంగళవారం ఇద్దరం రేపల్లె వైపు వెళ్ళాము, వాళ్ళ కూతురింటికి. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. మమ్మల్ని గొంతును బట్టి పోల్చుకున్నారు. క్షమించమని అడగడానికి దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాము, ఒక్కటీ సరిగా రాలేదు. ఆయన అడిగిన మొదటి మాట, “బోరులో నీళ్ళు పడుతున్నాయా?” అని. పడుతున్నాయన్నాము. వేసవిలో కూడానా అన్నారు. వేసవిలో కూడా అన్నాము. వాళ్ళ అమ్మగారు చాలాసేపు వంటింట్లోంచి రాలేదు. రాకపోవడం న్యాయమే అనిపించింది. చివరికి టీ గ్లాసులతో వచ్చి, మా ముఖం చూడకుండా, పెరట్లో తాను వేసిన మునగచెట్టు ఉందా అని అడిగారు. అది నరికి అక్కడే మేము వంటషెడ్డు వేయించాము. ఆ సంగతే చెప్పాము. ఆవిడ తలూపి, “గాలివానకు ఎప్పుడూ కొమ్మలు విరిగేవి లెండి” అన్నారు.

రమ్మని అడిగాము. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. “ఎవరేమనుకుంటారో” అన్నారు. ప్రార్థన చేయమని మేమడిగితే, సంఘంలోని పాత పద్నాలుగు మంది పేర్లు వరసగా చెప్పి ప్రార్థన చేశారు. వాళ్ళలో ముగ్గురు నిద్రించారని ఆయనకు తెలియదు. చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

ఫ్లెక్సీ మారుస్తున్నారు. నాటింగ్‌హామ్ అబ్బాయి డబ్బు పంపాడు, ఎక్కువే పంపాడు. ఈ ఆదివారం వాళ్ళిద్దరూ తొమ్మిదింపావు బస్సుకు వస్తున్నారు. పెట్టె ఉంటుంది, రెండు రోజులు ఉండమన్నాము. స్టాపు నుంచి మందిరం దాకా ఆ రోడ్డున వాళ్ళతో నడవడానికి వీలైనవాళ్ళందరూ తొమ్మిదికల్లా స్టాపు దగ్గరికి రండి. ట్రాక్టరు వద్దు, నడిచే వెళ్దాము.