వంతెనమీది సాధన

మన సంగీతసభలలో నొకమాట తఱచుగా వినవచ్చుచుండును. గాయకుడు రాగము నొక క్రొత్తత్రోవను నడిపించినపుడు, “అది పుట్టుకతో రావలెనండీ” యని ప్రక్కవారు తల యూపుదురు. ఆ మాటలో మెచ్చుకోలెంత గలదో సోమరితనమును అంతయే గలదని మా యభిప్రాయము. పుట్టుకతో వచ్చుదానికి మనము చేయదగిన దేమున్నది? పిల్లలకు చోటిచ్చుట, వేళ యిచ్చుట, ఓపిక పట్టుట, ఈ బాధ్యతలన్నియు నా యొక్కమాటతో మనకు తప్పిపోవును.

ఈ విషయమున అమెరికా దేశపు సాక్సఫోను విద్వాంసుడగు సన్నీ రోలిన్సు నడత మాకు మిక్కిలి నచ్చినది. సాక్సఫోను అనగా బెల్జియము దేశస్థుడైన అడాల్ఫు సాక్సు నిర్మించి 1846లో పారిసునందు పేటెంటు పొందిన వాద్యము. దాని యొడలు ఇత్తడి, నోట బట్టునది రెల్లుపీక. జాజు సంగీతమున, మన మనోధర్మమునందువలెనే, వాయించువాడు అప్పటికప్పుడు కల్పించునదే ప్రాణము. రోలిన్సు 1930లో న్యూయార్కు నగరమున జన్మించెను. 1956 నాటి ‘సాక్సఫోన్ కొలాసస్’ అను రికార్డుతో ముప్పదియేండ్లు నిండకమునుపే ఆయన పేరు మ్రోగినది.

అట్టివాడు 1959లో కచ్చేరీలు మానివేసెను. వచ్చిన పేరునకు తగినంత విద్య తనయందు లేదని తలచుటయే కారణము. ఇంట సాధన చేయుదమన్నచో ప్రక్కవాటాలో నొక గర్భిణి యుండెను. ఆమెను బాధించుటకు ఆయన మనసొప్పలేదు. దగ్గఱనే, ఈస్టు నదిమీద మాన్‌హాటను, బ్రూక్లినులను గలుపు విలియమ్సుబర్గు వంతెన యున్నది. దాని కాలిబాటమీదికి వాద్యమును గొనిపోయి, ఎండనక చలియనక, ఒక్కొక్కనాడు పదునైదు గంటలవఱకును వాయించుచు, సుమారు రెండేండ్లు గడపెను. క్రింద నావలు, ప్రక్కను రైళ్లు, మోటారులు. ఎంత బిగ్గఱగా నూదినను ఎవరికిని బాధ లేదు. ఎంత తప్పుగా నూదినను అడుగువాడు లేడు.

1961లో తిరిగివచ్చి, మఱుసటి యేట ‘ది బ్రిడ్జ్’ అను రికార్డు వెలువరించినపుడు, ఏదో విప్లవము వినబోవుదుమని కాచుకొన్న విమర్శకులు కొందఱు పెదవి విఱిచిరి. వాయింపు మునుపటివలెనే యున్నదట! వారు ఫలమును వెదకిరి. మాకన్ననో, అడుగువాడు లేని యా చోటే ముఖ్యముగా దోచుచున్నది.

వాయించుటయు ఆలోచించుటయు ఒక్కసారి పొసగవని రోలిన్సు పలుమాఱు చెప్పియున్నాడు. నేర్వవలసినదెల్ల ముందే నేర్చి, వేదిక యెక్కినపిమ్మట దానిని మఱచి, సంగీతమే తన్ను నడపునట్లు విడిచిపెట్టవలెనని ఆయన తాత్పర్యము. పైకిది “పుట్టుకతో రావలెను” అనువారికి బలమువలె గన్పట్టును. కాని మఱచుటకైనను ముందు నేర్చినది యుండవలెను గదా! మమ్మటుడు కావ్యప్రకాశమున శక్తి, నైపుణ్యము, అభ్యాసము అను మూడింటిని జెప్పి, అవి మూడు కారణములు కావు, కలసి యొక్కటే కారణమని తేల్చెను. ఆ భాగము చదివినపుడెల్ల మాకా వంతెన జ్ఞాపకము వచ్చును.

మా రెండవ యమ్మాయి వయొలిను నేర్చుకొనుచున్నది. మూడు కీర్తనలు వచ్చెనో లేదో, ఇంటికి వచ్చిన చుట్టమెల్ల “ఏదీ, ఒకటి వినిపింపుమమ్మా” యనును. తప్పు వచ్చెనా, చిఱునవ్వు, రాలేదా, “కచ్చేరీ యెప్పుడు?” అను ప్రశ్న. ప్రక్కవాటావారు గోడ తట్టుదురు. వారి పిల్లవానికి పరీక్షలు, వారి ననిన లాభమేమి? తుదకు పిల్ల, వచ్చినదానినే వచ్చినట్లు వాయించుటకు అలవాటుపడి, రాగాలాపనకు పూనుకొనుటయే మానినది. మగపిల్లవాడైనచో చెఱువుగట్టుకు పొమ్మందుము. సాయంకాలమున ఆడపిల్లను వయొలినుతో నొంటరిగా గట్టుమీదికి పంపదగిన యూళ్లు మనకెన్ని గలవు? వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికలకు బడి పెట్టిరి. ఆ బడి నుండి వచ్చిన చదువు మన యిండ్లలో నేడు నిండియున్నది. ఆడపిల్ల నిశ్చింతగా తప్పు చేయుటకు మాత్రము ఒక గది యింకను దొరకలేదు.

మా పాఠశాలలో ఆదివారము మేడగది ఖాళీగా నుండును. ప్రధానోపాధ్యాయినిగారి నడిగి తాళపుచెవి సంపాదించితిమి. అమ్మాయి తలుపు వేసికొని రెండుగంటలు వాయించును. ఏమి వాయించితివని మేమడుగము. వరండాలో కూర్చుండు ముసలి కావలివాడు మొన్న మాతో, “పాప ఈవేళ ఒక్కచోటే తిరుగుతా ఉందండీ, పాట ముందుకు పోలేదు” అని జాలిపడెను. వచ్చు ఆదివారమునుండి ఎదురింటి పిల్లయు వచ్చెదనన్నది. ఆమెది వీణ, రెండవగది యడుగవలెను.