తిథి చూసుకుని ఒడ్డెక్కే చేప

ఏమండోయ్, ఓ మాటడుగుతాను. చేప నీళ్లొదిలి ఒడ్డుకొచ్చి, ఇసకలో గుంట తీసి గుడ్లు పెట్టి, మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతుందంటే నమ్ముతారా? అదీ ఏ రోజు పడితే ఆ రోజు కాదు. పౌర్ణమి, అమావాస్య చూసుకుని!

నేనూ నమ్మలేదు లెండి. కాలిఫోర్నియాలో మా అమ్మాయింటికి వెళ్లినప్పుడు అల్లుడు, "రాత్రి పదిన్నరకి బీచ్‌కి వెళ్దాం అత్తయ్యా, చేపలు ఒడ్డుకొచ్చి డాన్స్ చేస్తాయి" అన్నాడు. అత్తగారిని ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అలాగే అనుకుంటారట. మొదటిరోజు నిజంగా అలాగే అయింది కూడా. దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులో కాఫీ అంతా ఒంపుకుని తాగి, చలికి వణుకుతూ రెండు గంటలు కూర్చున్నాను. ఒక్క తోకైనా కనబడితే ఒట్టు. అల్లుడి మొహం చూడాలి అప్పుడు!

దాని పేరు గ్రునియన్. స్పానిష్‌లో గొణిగేవాణ్ణి అలాంటి మాటతోనే పిలుస్తారు. గుడ్లు పెట్టేటప్పుడు సన్నగా కీచుమంటుంది, అందుకే ఆ పేరు. పాపం, అంత కష్టంలో ఆ మాత్రం గొణగదూ? జానెడుకి తక్కువే ఉంటుంది. ఒంటి పక్కన మొప్ప దగ్గర్నుంచి తోకదాకా వెండి జరీ అంచులా ఒక చారిక. ఆ చారికని బట్టే ఈ వంశం మొత్తానికి సిల్వర్‌సైడ్ అని ఇంటిపేరు.

మర్నాడు శాన్ పెడ్రోలో కాబ్రియో అక్వేరియంకి తీసుకెళ్లారు. ముందు అక్కడ సంగతి చెప్పాలి మీకు. ఓ గాజు సీసాలో చారెడు ఇసక, దాంట్లో ఆవగింజల్లా గుడ్లు. సముద్రపు నీళ్లు పోసి మా మనవడి చేతికిచ్చి ఊపమన్నారు. వాడు టానిక్ సీసా ఊపినట్టు ఊపాడు. నిమిషమో రెండు నిమిషాలో అయ్యాయో లేదో, గుడ్డు పగిలి దారప్పోగంత పిల్ల జర్రున బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. రెండు నల్ల చుక్కల్లాంటి కళ్లు తప్ప అంతా అద్దమే. "అమ్మమ్మా, నేను పుట్టించాను!" అని వాడు ఒకటే గంతులు.

కిటుకేమిటంటే, పున్నమికీ అమావాస్యకీ సముద్రం పోటెక్కువ కదా? ఆ పెద్ద పోటు దాటాక రెండు మూడు రాత్రులు, అదీ పోటు తిరుగుముఖం పట్టిన గంటల్లోనే ఈ చేపలు వస్తాయి. మర్నాటి పోటు అంతకంటే కింద ఆగిపోతుంది, ఆపై రోజు ఇంకా కింద. గుడ్లు కొట్టుకుపోవన్నమాట. పది రోజులకి పిల్ల లోపల సిద్ధమై, తలుపు తట్టేవాళ్ల కోసం కూర్చుంటుంది. మళ్లీ పెద్ద పోటొచ్చి కెరటం ఇసకని కుదిపితే అప్పుడు బయటికి. మనవాడు సీసా ఊపాడు చూశారూ, ఆ కెరటం చేసేదీ అదే. ఒక పక్షం పోటు తప్పిపోయినా తర్వాతి పక్షందాకా ఓపిక పడతాయి. మనలో ఎవరికుంది చెప్పండి అంత ఓపిక?

ఆ రాత్రి మాత్రం వచ్చాయండీ! ముందు రెండో మూడో, గూఢచారుల్లా. మేమెవరం మాట్లాడలేదు, టార్చి వెయ్యలేదు. ఆ తర్వాత ఓ కెరటం వచ్చి వెనక్కి వెళ్లేసరికి ఒడ్డంతా గిన్నెలు బోర్లించినట్టు తళతళ. నా కాలికి రెండడుగుల దూరంలో ఓ ఆడచేప. తోకతో బరబరా ఇసక తోడుకుంటూ లోపలికి దిగిపోయింది. తలా, పక్కరెక్కలూ మాత్రం పైన, నిటారుగా, పీకల్దాకా పాతేసినట్టు. నాలుగు మగచేపలు దాని చుట్టూ పందిరి గుంజకి అల్లుకున్న తీగల్లా చుట్టుకున్నాయి. అర నిమిషం, అంతే. ఒక్కో విడతకి రెండు మూడు వేల గుడ్లు. ఒంటిని ఒక్క మెలి తిప్పి బయటపడి, తర్వాతి కెరటం ఎక్కి వెళ్లిపోయింది.

నా చెయ్యి ఊరుకుంటుందా? వంగబోయాను. మా అమ్మాయి గాభరాగా "అమ్మా, ముట్టుకోకు!" ఏప్రిల్, మే, జూన్ నెలల్లో చూడ్డమే తప్ప పట్టకూడదట. మిగతా రోజుల్లో పట్టొచ్చు కానీ వల లేదు, గాలం లేదు, ఒట్టి చేతులే. మనిషికి ముప్ఫై దాటకూడదు. నేను వెళ్లింది మేలో! చింతపులుసు కలలన్నీ అక్కడే ఇసకలో పాతుకున్నాను.

ఇంతకీ వీటి చుట్టరికాలు చెప్పనే లేదు. పాత పుస్తకాల్లో ఇవి ముల్లెట్ చేపల గుంపులో ఉండేవి. 1964లో డాన్ రోజెన్ అనే ఆయన ఎముకలవీ కూలంకషంగా చూసి, "కాదు, మీ బంధువులు వేరే" అని ఇల్లు మార్చాడు. ఆ కొత్త చుట్టాలెవరనుకున్నారు? సముద్రం మీద ఎగిరే చేపలు, గప్పీలు, దోమల కోసం మన చెరువుల్లో వదులుతారే, ఆ గంబూషియాలు. పెళ్లిళ్లకి పిలవాల్సినంత దగ్గర కాదు గానీ, దాయాదులే.

వంశం 300 పైచిలుకు జాతులు. అక్వేరియం దుకాణాల్లో రంగురంగుల రెయిన్‌బో చేపలు ఆస్ట్రేలియా, న్యూగినీ శాఖ. మెక్సికోలో పాట్స్‌క్వారో సరస్సు శాఖని ఎండబెట్టి, వేయించి తలతో సహా తినేస్తారు, మన నెత్తళ్ల వేపుడిలాగే. ఆగ్నేయాసియాలో చిటికెన వేలంత శాఖ ఒకటుంది. దాని మగవాడికి సంసారం సరంజామా గొంతు కింద ఉంటుంది! నవ్వకండి, దేవుడి దయ.

అట్లాంటిక్ తీరం శాఖలో పుట్టేది ఆడో మగో నీళ్ల వేడి కూడా తేలుస్తుంది. 1981లో కనోవర్, కైనార్డ్ అనే ఇద్దరు బయటపెట్టారు. వసంతంలో చల్లటి నీళ్లలో పెరిగేవాటిలో ఆడపిల్లలెక్కువ, వేసవి వేడిలో మగపిల్లలెక్కువ. ముందు పుట్టిన ఆడది ఎదగడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి, ఒళ్లు పెరిగితే గుడ్లూ పెరుగుతాయి. టెక్సాస్‌లో మరీ విడ్డూరం: అక్కడి ఒక జాతిలో అసలు మగవాళ్లే లేరు. పక్క జాతి మగచేప ముహూర్తానికి కావాలి, అంతే. పిల్లల్లో వాడి పోలిక ఒక్కటీ రాదు.

మన సముద్రంలోనూ ఉన్నాయండీ ఇవి, గ్రునియన్ వేషాలు లేకుండా. చారిక చూసి నెత్తళ్లని పొరబడతారు. ఈసారి బజార్లో వీపు చూడండి. ఒక రెక్కుంటే నెత్తళ్లు, ముందోటీ వెనకోటీ రెండుంటే మనవాళ్లు. నేను మొన్న అలా ఒక్కోటీ తిప్పి చూస్తుంటే బుట్టలామె, "కొంటావా అమ్మా, జాతకం చూస్తావా?" అంది.

అన్నట్టు మా అల్లుడు ఫోన్ చేశాడు, వచ్చే ఏడాది ఎప్పుడొస్తారని. జులై పౌర్ణమి ఏ తేదీనొచ్చిందో చూసి చెప్పమన్నాను. చింతపండు నేనే తెచ్చుకుంటాను.