పోదనూరు వైనూ, చెట్టిపాళయం ట్రాకూ

సంక్రాంతి ముగిసినంక వచ్చిన శని, ఆదివారాలు నేను కోయంబత్తూరులో గడిపినాను. పెండ్లికి కాదు, చావుకీ కాదు. నా కూతురు రేసు ట్రాకులో కారు నడిపితే చూడను పోయినాను. నవ్వుకొనేవాళ్ళు నవ్వుకోండి. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు రిటైరైనంకనే నేర్చుకొన్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా ఇంట్లో బండి వేగం అనే మాటే కూడదు. 1987లో నా తమ్ముడు పొళ్ళాచ్చి రోడ్డులో యెజ్డీ బండి మీద పోయినాడు. వానికి 24 ఏళ్ళు. ఆ తర్వాత పుట్టిన నా కూతురికి నేను స్కూటీ కూడా కొనివ్వలేదు. కాలేజీకి బస్సులోనే పోయింది. పెండ్లైనంక బెంగుళూరులో కారు నేర్చుకొన్నింది, సరే అనుకొన్నాను. రెండేళ్ళుగా ట్రాకుకు పోతా ఉండాదని మాత్రం నాకు చెప్పలేదు. అల్లుడు ఒకనాడు నోరు జారినాడు. పది రోజులు నేను ఫోను ఎత్తలేదు. కడాకి అదే అల్లుని ఫోనులో నుంచి మాట్లాడింది: "నాయనా, ఒక్కసారి వచ్చి కంటితో చూడు. చూసినంక వద్దంటే మానేస్తాను."

ఆ మాట పట్టుకొని పోయినాను. వద్దని చెప్పేదానికే పోయినాను, దాచేదేముంది.

ఆ ట్రాకు ఉండేది చెట్టిపాళయంలో, పోదనూరు దాటితే కొంచెం దూరమే. పోదనూరు సిగ్నల్ వర్క్‌షాపులో నేను తొమ్మిదేళ్ళు క్లర్కుగా ఉన్నింటిని. అప్పుడు మాది పాలక్కాడు డివిజన్, సేలం డివిజన్ వచ్చింది 2007లో. ట్రాకుకు కరివర్ధన్ పేరు పెట్టినారు. తక్కువ ఖర్చులో మారుతి ఇంజనుతో రేసు కార్లు చేయించిన మనిషి, 1995లో విమాన ప్రమాదంలో పోయినాడు. కోయంబత్తూరులో మన తెలుగువాళ్ళకు ఈ ఇంజన్ల పిచ్చి ఇప్పటిది కాదు. జి.డి. నాయుడుగారు 1920లోనే పొళ్ళాచ్చికీ పళనికీ నడుమ బస్సు నడిపినారు. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఈ ఊరివాడే. ఇవన్నీ దారిలో అల్లుడు నాకు పాఠం చెప్పినాడు. మామను మెత్తన చేయాలని, పాపం.

శనివారం ఉదయం ఏడు గంటలకే పోయినాము. నేను అనుకొన్నట్టు జనం, కేకలు ఏమీ లేవు. పాతిక కార్లు, పక్కన టీ ఫ్లాస్కులు. ఇది పందెం కాదంట. డబ్బు కట్టి, మన కారే తెచ్చుకొని నడిపేది. ముందు ఒకాయన ప్రతి కారూ చూసినాడు. చక్రాల బోల్టులు, బ్రేకు, బ్యాటరీ కదలతా ఉండాదా, సీటు కింద నీళ్ళ బాటిలు దొర్లతా ఉండాదా అని. హెల్మెట్ లేనివాణ్ణి లోపలికి విడువలేదు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి జెండాల పాఠం. పసుపు చూపిస్తే ముందర అపాయం, మెల్లగా పో, ఎవరినీ దాటకూడదు. ఎరుపు చూపిస్తే అందరూ తిరిగి రావాల. నీలం అంటే నీ వెనక వేగమైన కారు ఉండాది. గళ్ళ జెండా అంటే ఆట ముగిసింది. ఎక్కడ దాటొచ్చు, ఎక్కడ కూడదు అనేది కూడా చెప్పినారు. ముందుపోయేవాడు చెయ్యి చూపిస్తేనే దాటాల. నాకు మా రైల్వే రూలు పుస్తకం విన్నట్టే ఉన్నింది. వెనక వరుసలో కూర్చొని నేనూ తల ఊపినాను.

రెండు కిలోమీటర్ల పైచిలుకు దారి అది. మా అమ్మాయి పాత పోలో మూడో సుత్తులో ఒక మలుపు దగ్గర తిరగబడినట్టు గిర్రున తిరిగి మట్టిలోకి పోయింది. ఎర్రమన్ను లేచింది, కారు కనపడలేదు. నేను కంపి పట్టుకొని నిలబడినాను. ఎంతసేపో చెప్పలేను, అల్లుడు నాలుగైదు సెకండ్లే అన్నాడు.

ఆ మన్ను దిగకముందే ఆ మలుపులో ఉండే పిల్లవాడు పసుపు జెండా ఊపతా ఉన్నాడు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు వానికి. వెనక వచ్చిన రెండు కార్లు అప్పుడే మెల్లబడినాయి. మా అమ్మాయి కారు మట్టిలో నుంచి మెల్లగా బయటికి వచ్చింది. కారు కాదు, నా చూపు ఆ పిల్లవాని చేతి మీదనే నిలిచిపోయింది.

నా తమ్ముడు వేగంగా పోయి చావలేదు. ఇది మన వాళ్ళలో చాలామందికి తెలీదు, నేనూ చెప్పలేదు. చక్రం పోయిన లారీని రోడ్డు అంచున నిలబెట్టి, లైటు లేకుండా, ఒక చెట్టుకొమ్మ కూడా వెనక పెట్టకుండా డ్రైవరు నిద్రపోయినాడు. రైలు దారి మధ్యలో ఆగిపోతే మా గార్డు ఏం చేయాల? చెయ్యి దీపం, ఎర్రజెండా పట్టుకొని వెనక్కి నడవాల. 600 మీటర్ల దగ్గర ఒక డెటోనేటరు పట్టా మీద పెట్టాల, 1200 మీటర్ల దగ్గర మూడు. వచ్చే ఇంజను దాని మీద ఎక్కితే అది పేలి డ్రైవరుకు తెలుస్తుంది. అర్ధరాత్రైనా, వానైనా నడవాల్సిందే. ఆ రాత్రి పొళ్ళాచ్చి రోడ్డులో ఒక్క మనిషి నూరు అడుగులు వెనక్కి నడిచి ఉంటే చాలు. ఇన్నేళ్ళు నేను వేగాన్ని తిట్టినాను.

అమ్మాయి కారు దిగి హెల్మెట్ తీసి నా మొహమే చూసింది. "టైర్లు కాగలేదు, తొందరపడినాను" అన్నింది. నేను "నీళ్ళు తాగు" అన్నాను, అంతే.

రాత్రి సాపాటు పోదనూరులోనే. నాతో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ స్నేహితుడు ఇప్పుడు లేడు, వాని ఇంటామె మమ్మల్ని పిలిచింది. పసుపుపచ్చని కొబ్బరిపాల అన్నం, కైమా ఉండల కూర, ఎర్రగా పుల్లగా ఉండే డెవిల్ చట్నీ. మా అమ్మాయి కోసం పళ్లిపాళయం చికెన్ కూడా చేసినింది: చిన్న ఉల్లిగడ్డలు, ఎండుమిరపకాయలు, కొబ్బరి ముక్కలు, వేరే మసాలా ఏమీ వేయకుండా. మన ఇండ్లలో మసాలా ఎక్కువ వేసి కోడిని చంపిందాన్నే మళ్ళీ చంపతాము, అది నా అభిప్రాయం. ఆమె క్రిస్మస్‌కు చేసిన ద్రాక్ష వైను ఒక బాటిలు మిగిల్చి పెట్టినింది. పన్నీరు ద్రాక్ష, చక్కెర, గోధుమలు, లవంగం, పట్ట. జాడీలో 21 రోజులు, దినమూ చెక్కగరిటెతో కలపాల. నేను తాగేవాణ్ణి కాదు. ఆ రాత్రి చిన్న గ్లాసు తీసుకొన్నాను. తియ్యగా ఉండి, గొంతు దిగినంక కొంచెం కాలింది.

తమ్ముని సంగతి అప్పుడు చెప్పినాను. లారీ, చెట్టుకొమ్మ, అన్నీ. అల్లుడు తల వంచుకొన్నాడు. మా అమ్మాయి మాత్రం గ్లాసు పక్కన పెట్టి అడిగింది: "నాయనా, చిన్నాయన బాగా నడిపేవాడా?"

ఇన్నేళ్ళలో వాని గురించి అట్లా ఎవరూ అడగలేదు. ఎట్లా పోయినాడనే అడిగినారు. పోదనూరు నుంచి పొళ్ళాచ్చికి వాని వెనక కూర్చొని నేను ఎన్నిసార్లు పోయినానో, మలుపు ముందర వాడు ఎట్లా గేరు దించేవాడో, నన్ను "అన్నా, గట్టిగా పట్టుకో" అనేవాడో చెప్పతా కూర్చొన్నాను. ఆ ఇంటామె రెండోసారి అన్నం వేడి చేసింది.

ఆదివారం ఉదయం రెండో దినం ట్రాకుకు పోయేటప్పుడు అమ్మాయి కారు తాళం చేతిలో పెట్టుకొని "ఏం చెప్పతావు?" అనింది. టైర్లు కాగేదాకా మొదటి రెండు సుత్తులు మెల్లగా పో అన్నాను.