బొంతలు కుట్టే ఇల్లు ఇట్లాగే ఉంటుంది

పొద్దున్నే చారు పెడదామని కందిపప్పు డబ్బా మూత తీశాను. లోపల పప్పు లేదు. ఎర్ర దారం రీళ్లున్నాయి. మరి పప్పేమైందని వెతికితే కిటికీలోని దారాల బుట్టలో కట్టిన పొట్లం కట్టినట్టే ఉంది. రాత్రి నిద్రమత్తులో నేనే అటుది ఇటు, ఇటుది అటు పెట్టేశాను.

"ఇయ్యాల దారాల చారు పెట్టు బిడ్డా, నీ మొగడు తిని పంటడు" అంది మా అత్తమ్మ మంచం మీద నుంచే.

నవ్వకండి. బొంతలు కుట్టే ఇల్లు ఇట్లాగే ఉంటుంది.

ఇస్నాపూర్ దగ్గర ఒక కాలనీలో మాది రెండు గదుల ఇల్లు. మా ఆయన పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తారు. వారం పొద్దుటి షిఫ్టు, వారం మధ్యాహ్నం షిఫ్టు, వారం నైటు. నైట్ షిఫ్టు వారంలో ఆయన తొమ్మిదింటికి పడుకుంటే మూడింటిదాకా కుట్టుమిషన్ మీద కాలు పెట్టడానికి లేదు. అందుకని ఆ వారం నాకు చేతికుట్టు వారం. పొద్దుటి షిఫ్టు వారంలో ముక్కలు అతికే మిషన్ పని. ఇంటి పనీ, బొంత పనీ ఆయన షిఫ్టుల్ని బట్టే నడుస్తాయి.

ఇక సంచుల సంగతి చెప్పాలా? మంచం కింద సంచులు, బీరువా మీద సంచులు, ఫ్రిజ్ మీద సంచులు. చుట్టాలొస్తే కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద వేస్తాను. వాళ్లు పడుకునే వేళకు మంచం మీదివి కుర్చీలోకి వస్తాయి. మా చిన్నోడు ఒకసారి స్కూలు బ్యాగనుకుని బొంత ముక్కల సంచి పట్టుకుని బస్సెక్కాడు. టీచరు ఏమన్నదో వాడు ఇప్పటికీ చెప్పడు.

బొంత కుట్టడం నాకు ఎవరో క్లాసు పెట్టి నేర్పింది కాదు. మా అమ్మ కుట్టేది. మా పుట్టిల్లు నక్కవాగు పక్కన ఒక పల్లె. దసరా ముందు ఊరి ఆడవాళ్లంతా బొంతలు నెత్తిన పెట్టుకుని వాగుకు పోయేవాళ్లు. తడిసిన బొంతను ఒక్కరు లేపలేరు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని మెలిపెట్టి పిండాలి. పిల్లలం ఆ నీళ్ల కింద నిలబడేవాళ్లం. 1980లలో ఫ్యాక్టరీలు పెరిగిన కొద్దీ వాగు నీళ్ల రంగు మారింది, వాసన మారింది. ఒక ఏడు అమ్మ వాగు దాకా పోయి, చూసి, ఉతకకుండానే బొంతల మూట తిప్పి తెచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో బొంతలు బోరింగు దగ్గరే ఉతికారు. అదే ఫ్యాక్టరీల జీతంతోనే ఇప్పుడు మా ఇల్లు నడుస్తున్నదన్న మాట కూడా నేను మరిచిపోను.

మా అత్తమ్మది బొంతపల్లి. అవునండీ, వీరభద్రస్వామి గుడి ఉన్న బొంతపల్లే! "నువ్వు బొంతలు కుడతవని ముందే తెలిసి మీ ఆయన ఆ ఊరోళ్ల ఇంట్ల పుట్టిండు" అని మా పక్కింటి వదిన ఆటపట్టిస్తుంది.

వారంలో మూడు రోజులు మూడున్నర నుంచి అయిదు దాకా డాబా మీద క్లాసు. ఎనిమిది మంది వస్తారు. సగం మంది ఇక్కడివాళ్లు, మిగతావాళ్లు భర్తల ఉద్యోగాల వెంట ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు. ఒకామెది బీహార్. మొదటి రోజు నేను పాత చీరలు పరిచి కుట్టు వేయడం చూసి, "మా అమ్మా ఇదే కుడుతుంది దీదీ, మేం సుజని అంటాం" అని సూది లాక్కుంది. బెంగాల్లో దాన్నే కాంథా అంటారు. మహారాష్ట్రలో గోధడి, కన్నడ దేశంలో కౌది. పేర్లే వేరు. చిరిగిన బట్ట పారేయడానికి మనసొప్పని ఆడది ఎక్కడైనా ఒక్కతే.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతల్ని 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలకు తగిలించి ప్రదర్శన పెట్టారు. ఆ బొమ్మలు ఫోన్లో చూపిస్తే మా అత్తమ్మ ఒకటే మాటంది. "గోడకు తగిలిస్తె సలికి ఏం కప్పుకుంటరు?"

మీలో ఎవరికైనా కుట్టాలని ఉంటే లెక్క చాలా సులువు. చీర పొడవు 18 అడుగులు. మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 6 అడుగులు, వెడల్పు నాలుగడుగులకు కాస్త తక్కువ. ఒక మనిషి కప్పుకునే కొలత అదే. రెండు చీరలతో ఆరు పొరలు వస్తాయి. అంతకంటే మందమైతే చేతి సూది దిగదు, వేళ్లు పుండవుతాయి. గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఆరేయండి. గంజి ఉంటే బట్ట బిర్రుగా ఉండి సూది జారదు. నూలు చీరల మధ్య పాలిస్టర్ చీర వేయకండి. నూలు ముడుచుకుంటుంది, అది ముడుచుకోదు. రెండు ఉతుకులకే బొంత ఉబ్బుతుంది. కొత్త నూలుబట్ట వాడాలంటే ముందు తడిపి ఆరేసి తీరాలి. జరీ అంచు ఒంటికి గుచ్చుకుంటుంది, కత్తిరించి పక్కన పెట్టుకోండి. నేల మీద పరిచి నాలుగు మూలలా బియ్యం డబ్బానో పొత్రమో బరువు పెట్టి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకుంటే పొరలు జరగవు. తర్వాత అంచు నుంచి లోపలికి వరసలు వేసుకుంటూ రావడమే.

ఇంత తెలిసినదాన్ని, నేను చేసిన పని ఇప్పుడు చెప్తాను.

కిందటి కార్తీకంలో రామచంద్రాపురం నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో పసుపుపచ్చ గుడ్డ సంచి. అందులో వాళ్లమ్మ చీరలు ఆరు. అమ్మ పోయి ఏడాది దాటిందట. అయిదు చీరలు తీసి, "వీటిని ఎట్లైనా కత్తిరించుకోండి" అంది. ఆరోది నారాయణపేట నూలు చీర. ముదురు ఆకుపచ్చ గళ్లు, ఎర్ర కొంగు మీద తెల్లటి అడ్డగీతలు. "దీన్ని చిన్న ముక్కలు చేయకండి. కొంగు కొంగులాగే కనపడాలి. బడికి పోయేటప్పుడు నేను పట్టుకున్న కొంగు" అంది.

సరేనన్నాను. సంచి మంచం మీద పెట్టాను. పక్కనే క్లాసులో వాడే పాత బట్టల సంచి ఉంది. అదీ పసుపుపచ్చదే, ఒకే కొట్టువాళ్లు ఇచ్చినవి.

మర్నాడు క్లాసుకు కొత్తగా చేరిన అమ్మాయి వచ్చింది. పందొమ్మిదేళ్లుంటాయి. "లోపల పసుపు సంచిలో బట్ట తీసుకుని 5 అంగుళాల చదరాలు కత్తిరించి చేతికి అలవాటు చేసుకో" అన్నాను. ఇంతలో గ్యాసు బండ వచ్చింది. అత్తమ్మకు బీపీ మాత్ర ఇచ్చాను. పాలు పొంగాయి, పొయ్యి తుడిచాను. నేను డాబా ఎక్కేసరికి అరగంటైంది.

ఆ పిల్ల ముందు చదరాల దొంతర. ఎర్రవి, తెల్లగీతలవి. "అక్కా, 63 ముక్కలు! అన్నీ సమానంగా వచ్చినయ్!" అని మొహం వెలిగిపోతూ చూపించింది.

నిజంగానే సమానంగా వచ్చాయి. గజం పొడవున కొంగంతా 9 ముక్కల వెడల్పు, 7 వరసలు. ఒక్క దారం వంకర పోలేదు. నాకు నోరు పెగల్లేదు. ఆ పిల్లను తిట్టడానికి ఏముంది? సంచి నాది. చెప్పిందీ నేనే. నా మొహం చూసి తనకే అర్థమైపోయి ఏడ్చింది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక చెడ్డ ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు? అచ్చం అలాంటి చీరే కొని, నాలుగుసార్లు ఉతికి, ఆ కొంగు అతికిస్తే ఆమెకేం తెలుస్తుంది అని. పైకే అన్నాను కాబోలు. అత్తమ్మ చీకట్లోంచి, "ఏండ్ల కొద్ది ఉతికిన మెత్తదనం దుకాణంల దొరుకుతదా? చెంపకు ఆనించుకుంటె ఎరుక పట్టదా?" అంది.

మర్నాడు ముక్కలన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కి రామచంద్రాపురం పోయాను. గుమ్మంలోనే నిలబడి జరిగింది చెప్పాను. ఆ పిల్ల మాట ఎత్తలేదు, నా వల్ల జరిగిందనే చెప్పాను. ఆమె డబ్బా అందుకుంది. మూత తీసి చూసింది. "మీకు చెప్పాను కదండీ" అంది. అంతే. లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. చివరకు వచ్చి డబ్బా నా చేతిలో పెట్టి, "ఏం చేస్తారో చేయండి" అని తలుపు వేసుకుంది.

డాబా మీద దుప్పటి పరిచి 63 ముక్కలూ పేర్చడానికి కూర్చున్నాను. గీతల్ని బట్టి, అంచుల్ని బట్టి ఏది ఎక్కడిదో పోల్చుకోవాలి. క్లాసు మానేసిన ఆ పిల్లను ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాను. "కత్తిరించింది నువ్వు, వరస నీకే బాగా తెలుస్తుంది, రా" అన్నాను. ఇద్దరం నాలుగు రోజులు కూర్చున్నాం. ప్రతి ముక్క వెనకా సుద్దతో అంకె వేశాం. గాలి వచ్చిందంటే ఇద్దరం బోర్లా పడుకుని చేతులతో కప్పేవాళ్లం.

కానీ కత్తిరించినదాన్ని మళ్లీ అతికితే పాత కొంగు రాదు. ప్రతి ముక్కకీ నాలుగు వైపులా పావు అంగుళం కుట్టు లోపలికి పోతుంది. 5 అంగుళాల ముక్క నాలుగున్నర అవుతుంది. 45 అంగుళాల వెడల్పు నలభైన్నరకు వచ్చింది, 35 అంగుళాల పొడవు ముప్పై ఒకటిన్నరకు. గీత దగ్గర కత్తెర పడ్డ చోటల్లా ఆ గీత సన్నబడిపోయింది. ఎంత సర్దినా అది దాగలేదు. చుట్టూ అదే చీర ఆకుపచ్చ గళ్లు వేసి, లోపల మిగతా చీరలు పరిచి, నైట్ షిఫ్టు వారాలన్నీ దాని మీదే కూర్చుని కుట్టాను.

సంక్రాంతికి ముందు ఆవిడ వచ్చింది. మంచం మీద సంచులన్నీ తీసేసి బొంత పరిచాను. ఆమె సన్నబడ్డ గీతల మీద వేలు పెట్టి, "ఇక్కడ సగమే ఉంది" అంది.

"అవునండీ. మిగతా సగం కుట్టు లోపలికి పోయింది" అన్నాను. ఇంక చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కాసేపటికి ఆమే అంది. "చిన్నప్పుడు మేకుకు తగిలించి ఈ కొంగు చింపాను నేను. అమ్మ తిట్టి, రఫ్ఫు చేసుకుంది. అది ఎక్కడుందో?"

ఇద్దరం వంగి వెతికాం. నాకంటే ముందు ఆ పిల్ల పట్టుకుంది. "41వది అక్కా, అయిదో వరస మధ్యల." బియ్యపుగింజంత రఫ్ఫు. రంగు కలవని దారంతో వేసిన కుట్టు. ఆవిడ దాని మీద చేయి పెట్టి మంచం మీద కూర్చుండిపోయింది. మేము వంటింట్లోకి వచ్చేశాం.

డబ్బులు వద్దన్నాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్లింది. తీసి చూస్తే మాట్లాడుకున్నదాంట్లో సగం. నాకూ అదే న్యాయమనిపించింది. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. బొంత మాత్రం జాగ్రత్తగా మడిచి ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక నియమం. ఎవరి చీర వచ్చినా గడప దాటకముందే దాని మూలకు తెల్లగుడ్డ చీటీ కుడతాను. ఎవరిది, ఏం చేయొద్దన్నారు, రెండూ దాని మీద రాస్తాను. నేర్చుకునేవాళ్ల బట్టలు సంచిలో కాదు, తాళం వేసే రేకుపెట్టెలో. మీరు బొంతలు కుట్టకపోయినా సరే, ఒకరి వస్తువు మీ ఇంట్లో ఉంటే ఇట్లా చేసి చూడండి.

మొన్న ఆదివారం అత్తమ్మ తన పెట్టె తీసి ఒక చిలకపచ్చ చీర నా మీదికి విసిరింది. "గిది ముక్కలు చేస్తవో ఏం చేస్తవో చెయ్యి. గాని నేను పోయినంక కాదు, నేనుండంగనే చెయ్యి. నేను కూడ కప్పుకుంట" అంది.

చీటీ కుట్టాను. దాని మీద ఇలా రాశాను. "అత్తమ్మది. ఆలస్యం చేయొద్దు."

సంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కుర్చీ ఖాళీ లేదు. కందిపప్పు డబ్బాలో మాత్రం ఇవాళ్టికి కందిపప్పే ఉంది.